కామెర్లు కళ్లకు కనిపిస్తున్నాయి, ఎస్‌జీపీటీ మాత్రం 34 వస్తోంది

పైపెట్_పట్టినోడు
22 ఏళ్ల అబ్బాయి శాంపిల్. ఐదు రోజులుగా జ్వరం, వాంతులు. రెండు రోజుల నుంచి కళ్లు పచ్చబడ్డాయి, మూత్రం ముదురు పసుపు. టోటల్ బిలిరుబిన్ (కామెర్ల పసుపు పదార్థం) 11.4, డైరెక్ట్ 8.1. కాలేయ ఎంజైములు చూస్తే ఎస్‌జీఓటీ 61, ఎస్‌జీపీటీ 34, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ 188. సెమీ ఆటో మిషన్, కైనెటిక్ కిట్ (ఎంజైము వేగం కొలిచేది). 1 ఎంఎల్ రియేజెంట్‌లో 100 మైక్రోలీటర్ల సీరం, 37 డిగ్రీలు, ల్యాగ్ (కొలిచే ముందు ఆగే సమయం) 60 సెకన్లు, ఆ తర్వాత నిమిషానికొకటి చొప్పున మూడు డెల్టాలు (రీడింగుల మధ్య తేడాలు), ఫ్యాక్టర్ (గుణించే అంకె) 1768. నార్మల్ కంట్రోల్ (విలువ ముందే తెలిసిన సీరం) టార్గెట్ 38, వచ్చింది 36. ఎస్‌జీపీటీ రెండోసారి వేస్తే 31. రిపోర్ట్ చూసిన డాక్టర్‌గారు ఫోన్ చేసి "ఇంత కామెర్లకి ఎస్‌జీపీటీ ఇంత తక్కువా, నేను నమ్మను, మళ్లీ చూడు" అన్నారు. కంట్రోల్ బాగుంది, రెండుసార్లూ దగ్గరదగ్గరగానే వచ్చింది. ఇంకేం చూడాలి?

క్యూవెట్
ఫైనల్ రిజల్ట్ పక్కన పెట్టండి. మిషన్ చదవడం మొదలుపెట్టినప్పుడు మొదటి అబ్సార్బెన్స్ (కాంతిని ఎంత పీల్చుకుందో) ఎంతుంది? ఉత్త రియేజెంట్‌ది ఎంతుంది? ఆ రెండు అంకెలు రాయండి చాలు.

ఎంఎల్‌టీ_రెండోఏడు
కంట్రోల్ పాస్ అయింది కదా సార్, అంటే మిషన్, కిట్ రెండూ బాగున్నట్టే కదా? నిజంగానే 34 ఎందుకు కాకూడదు?

తార్నాక_బయోకెమ్
కంట్రోల్ పాస్ అయిందంటే 38 దగ్గర ఉన్న సీరాన్ని మిషన్ సరిగ్గా కొలుస్తోందని మాత్రమే. 3000 ఉన్న సీరాన్ని ఏం చేస్తుందో ఆ కంట్రోల్‌కి తెలియదు.

ఈ పరీక్షలో మనం ఎంజైముని తూకం వేయడం లేదు, అది ఎంత వేగంగా పని చేస్తోందో చూస్తున్నాం. ఎస్‌జీపీటీ, అంటే ఏఎల్‌టీ, అలనైన్ నుంచి అమైన్ గ్రూపుని తీసి ఆల్ఫా కీటోగ్లూటరేట్‌కి అంటిస్తుంది. పైరువేట్ మిగులుతుంది. రియేజెంట్‌లో వేసి ఉంచిన ఎల్‌డీహెచ్ ఆ పైరువేట్‌ని లాక్టేట్ చేస్తూ ఒక్కో అణువుకి ఒక్కో ఎన్‌ఏడీహెచ్ ఖర్చు పెడుతుంది. 340 నానోమీటర్ల దగ్గర కాంతిని పీల్చేది ఆ ఎన్‌ఏడీహెచ్. అది తరిగేకొద్దీ అబ్సార్బెన్స్ పడుతుంది, ఆ పడే వేగాన్ని ఫ్యాక్టర్‌తో గుణిస్తే మన రిజల్ట్.

ఇప్పుడు లెక్క చూడండి. మీ ఫ్యాక్టర్ 1768. రిజల్ట్ 34 రావాలంటే నిమిషానికి 0.019 పడితే చాలు. అదే నిజమైన విలువ 3000 అనుకోండి, 3000ని 1768తో భాగిస్తే నిమిషానికి 1.7 పడాలి. క్యూవెట్‌లో (రీడింగ్ తీసే చిన్న గిన్నెలో) ఉన్నదే 1.1, మహా అయితే 1.2. అంటే ముప్పావు నిమిషం తిరక్కుండానే ఎన్‌ఏడీహెచ్ అంతా అయిపోతుంది. మిషన్ 60 సెకన్ల ల్యాగ్ అయ్యాక కళ్లు తెరుస్తుంది. అప్పటికి పడాల్సిందంతా పడిపోయి ఉంటుంది. మిగిలిన చదునైన గీతని చూసి 34 అని ప్రింట్ చేస్తుంది. రెండోసారి వేసినా అదే జరుగుతుంది కాబట్టి అదే వస్తుంది. రెండుసార్లూ ఒకేలా రావడం ఇక్కడ భరోసా కాదు.

క్యూవెట్
చిన్నమాటలో చెప్పాలంటే, పెళ్లిలో మొదటి బంతికే గారెల గంగాళం ఖాళీ అయింది. ఆ తర్వాత వచ్చి చూసినవాడికి గారెలు ఎవరూ తినడం లేదనిపిస్తుంది. అందుకే గంగాళం అడుగు చూడమన్నాను.

నైట్‌డ్యూటీ_డాక్టర్
బయోకెమ్ గారి లెక్క కాదనను. కానీ డైల్యూషన్ (సీరాన్ని పలచన చేసి) వేయకముందే మిషన్ మీద తీర్పు ఇవ్వొద్దు. బిలిరుబిన్ 11 ఉండి ఎస్‌జీపీటీ నిజంగానే తక్కువగా ఉండే జబ్బులు మన ప్రాంతంలోనే ఉన్నాయి.

మొదటిది లెప్టోస్పైరోసిస్. వానాకాలం, వరి మడిలో దిగే మనిషి, ఎలుకలున్న చోటు. దాంట్లో బిలిరుబిన్ 15, 20 దాకా పోయినా ఎస్‌జీపీటీ సాధారణంగా 200 లోపే ఉంటుంది. ఆ జబ్బులో కాలేయ కణాలు పెద్దఎత్తున చావవు, పైత్యరసం బయటికి పోవడం ఆగుతుంది. పిక్కలు పట్టుకుంటే ఓర్చుకోలేని నొప్పి, కళ్లు పచ్చదనంతోపాటు ఎర్రగా ఉండటం, సీపీకే (కండరాల ఎంజైము) పెరగడం, క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష) పెరగడం, ప్లేట్‌లెట్లు పడటం ఉంటాయి. ఈ అబ్బాయికి క్రియాటినిన్, సీపీకే చేశారా?

రెండోది పైత్యనాళం అడ్డు. అయితే ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ 188 దగ్గర ఆగదు, మామూలుకి మూడు రెట్లు దాటుతుంది, జీజీటీ (ఇంకో కాలేయ ఎంజైము) కూడా దాంతోపాటే లేస్తుంది.

మూడోది తగ్గుముఖం పట్టిన హెపటైటిస్. ఏఎల్‌టీ సగానికి పడటానికి దాదాపు 47 గంటలు. బిలిరుబిన్‌లో ఒక భాగం ఆల్బుమిన్‌కి గట్టిగా అతుక్కుపోయి రెండు మూడు వారాలు అలాగే తిరుగుతుంది. అందుకే నాలుగో వారంలో కళ్లు పచ్చగానే ఉంటాయి, ఎస్‌జీపీటీ నార్మల్‌కి వచ్చేస్తుంది. అలా అతుక్కున్నది కిడ్నీలోంచి దిగదు, అప్పటికి మూత్రం రంగు తేలికపడుతుంది. ఇక్కడ రెండో రోజే, మూత్రం ఇంకా ముదురుగా ఉంది అంటున్నారు కాబట్టి ఇది కుదరదు.

వరంగల్_రియేజెంట్
అన్నా, సీరం రంగు ఎట్లున్నదో రాయలే నువ్వు. పసుపా, ఎర్రగున్నదా? ఎర్రగుంటే ముందుగాల అది చెప్పు. నెత్తురు కణాలు పగిలితే ఎల్‌డీహెచ్ అన్నిటికంటే ఎక్కువ పెరుగుతది, తర్వాత ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ తక్కువ. నీ ఎస్‌జీఓటీ 61, ఎస్‌జీపీటీ 34 చూస్తే గదే అనుమానం వస్తున్నది.

పైపెట్_పట్టినోడు
@వరంగల్_రియేజెంట్ సీరం ఆవనూనె రంగులో ఉందన్నా, ఎరుపు లేదు.
@నైట్‌డ్యూటీ_డాక్టర్ క్రియాటినిన్ 0.9, ప్లేట్‌లెట్లు 2.1 లక్షలు. సీపీకే కిట్ ఇక్కడ లేదు.
@క్యూవెట్ గ్రాఫ్ తెరిచి చూశా. ఉత్త రియేజెంట్ 1.18. శాంపిల్ మొదటి రీడింగ్ 0.31, తర్వాత 0.29, 0.27, 0.25. పక్కనున్న మామూలు శాంపిల్ మొదటి రీడింగ్ 1.09.

క్యూవెట్
దొరికింది. 1.09 దగ్గర మొదలవ్వాల్సింది 0.31 దగ్గర మొదలైంది. ఆ 0.31లో కూడా సీరం పసుపు రంగు వాటా ఉంటుంది, ఎన్‌ఏడీహెచ్ మిగిలింది దాదాపు సున్నా.

తార్నాక_బయోకెమ్
ఇంక డైల్యూట్ చేయండి. 100 మైక్రోలీటర్ల సీరం, 900 నార్మల్ సలైన్, నెమ్మదిగా నాలుగైదుసార్లు తలకిందులు చేసి కలపండి, నురగ రానివ్వొద్దు. ఆ కలిపినదాంట్లోంచి 100 తీసి మామూలుగానే 1 ఎంఎల్ రియేజెంట్‌లో వేయండి, వచ్చినదాన్ని 10తో గుణించండి. ఎస్‌జీఓటీ కూడా దాంతోనే మళ్లీ వేయండి. అది కూడా ఎన్‌ఏడీహెచ్ మీదే నడిచే పరీక్ష, ఎల్‌డీహెచ్ బదులు మాలేట్ డీహైడ్రోజినేజ్ ఉంటుంది, అంతే. ఆ 61ని కూడా నేను నమ్మను.

వరంగల్_రియేజెంట్
సలైన్ ఎందుకు సార్, 100 బదులు 10 మైక్రోలీటర్ల సీరం వేసి ఫ్యాక్టర్ మారిస్తే అయిపోతది కదా? మొత్తం 1010, సీరం 10, ఫ్యాక్టర్ 16238 వస్తది.

తార్నాక_బయోకెమ్
లెక్క తప్పు లేదు, చేతిలో తేడా వస్తుంది. 10 మైక్రోలీటర్ల దగ్గర టిప్ బయటి గోడకి ఒక్క మైక్రోలీటరు అంటుకుంటే 10 శాతం పోయినట్టే. 100 దగ్గర అదే ఒక్క శాతం. పైగా మిషన్‌లో ఫ్యాక్టర్ మార్చి, తర్వాతి పేషంటుకి తిరిగి మార్చడం మర్చిపోతే రోజంతా రిజల్ట్‌లు తొమ్మిది రెట్లు ఎక్కువగా పోతాయి. దానికంటే సలైన్ నయం.

డల్లాస్_మెడ్‌టెక్
ఒక్కటి గుర్తుంచుకోండి. 100 సీరంలో 900 కలిపితే పదిరెట్లు. 100లో 1000 కలిపితే పదకొండు రెట్లు. "1:10" అని రాసి రెండోది చేసేవాళ్లు చాలామంది, దాదాపు 9 శాతం తక్కువ రిపోర్ట్ అవుతుంది. రిజిస్టర్‌లో "100 + 900" అనే రాయండి, అనుమానం ఉండదు.

ఎంఎల్‌టీ_రెండోఏడు
ల్యాగ్ 60ని 10కి తగ్గిస్తే పడటం మొదట్లోనే పట్టుకోవచ్చు కదా, డైల్యూషన్ ఎందుకు?

క్యూవెట్
ల్యాగ్ ఊరికే పెట్టలేదు. సీరంలో ముందే కాస్త పైరువేట్ ఉంటుంది, రియేజెంట్‌లోని ఎల్‌డీహెచ్ ముందు దాన్ని తినేస్తుంది. క్యూవెట్ 37కి వేడెక్కాలి. గొలుసులో రెండో ఎంజైము అందుకోవాలి. అవన్నీ అయ్యేదాకా గీత సూటిగా ఉండదు. తగ్గిస్తే ఈ ఒక్క శాంపిల్ కోసం మిగతావన్నీ చెడతాయి. ఇంకో మాట, నిమిషానికి 1.7 పడుతున్నప్పుడు దాన్ని పట్టుకున్నా సరైన అంకె రాదు, కిట్ లీనియారిటీ (సరిగ్గా కొలవగల పై హద్దు) చాలావాటికి 300, 400 దగ్గరే ఆగిపోతుంది.

పైపెట్_పట్టినోడు
100 + 900 వేశా. ఎస్‌జీపీటీ 278, అంటే 2780. ఎస్‌జీఓటీ 196, అంటే 1960. గ్రాఫ్ సూటిగా దిగింది, మూడు డెల్టాలు 0.158, 0.157, 0.157. డాక్టర్‌గారికి ఫోన్‌లో చెప్పి పాత రిపోర్ట్ రద్దు చేసి, సవరించినదని రాసి కొత్తది పంపాను. హెపటైటిస్ ఏ, హెపటైటిస్ ఈ ఐజీఎం (కొత్త ఇన్ఫెక్షన్‌ని చూపే యాంటీబాడీ) రెండూ పంపమన్నారు.

నైట్‌డ్యూటీ_డాక్టర్
ఒప్పుకుంటున్నా, ఇది మిషన్ మింగేసిన 2780. అయితే మీ డాక్టర్‌గారికి ఇంకో మాట చెప్పండి, ఈరోజే ప్రోత్రాంబిన్ టైమ్ (రక్తం గడ్డకట్టే సమయం, ఐఎన్‌ఆర్‌గా రాస్తారు) పంపాలి. 2780 అనే అంకె ఎన్ని కణాలు పగిలాయో చెబుతుంది, మిగిలిన కాలేయం పని చేస్తోందా లేదా చెప్పదు. 3000 ఉండి కోలుకునేవాళ్లే ఎక్కువ. ఎస్‌జీపీటీ 2780 నుంచి రెండు రోజుల్లో 400కి పడి, అదే సమయంలో బిలిరుబిన్, ఐఎన్‌ఆర్ పెరుగుతూ మనిషి మగతగా అవుతుంటే సంతోషపడకూడదు. పగలడానికి కణాలు మిగల్లేదని అర్థం. ఐఎన్‌ఆర్ 1.5 దాటి, మాట తడబడుతుంటే అదే గంటలో పెద్దాసుపత్రికి పంపాలి.

పసరు తాగాడా అని కచ్చితంగా అడగండి, పేషంటు తనంతట తాను చెప్పడు. జ్వరానికి రోజుకి ఎన్ని పారాసెటమాల్ మాత్రలు వేసుకున్నాడో కూడా. ఇంట్లో గర్భిణి ఉంటే హెపటైటిస్ ఈ రిజల్ట్ వచ్చేదాకా నీళ్లు కాచి తాగమనండి, ఆఖరి నెలల్లో అది వస్తే ప్రాణాల మీదికి వస్తుంది.

పల్నాడు_ఫిజీషియన్
పైన లెప్టో గురించి చెప్పింది చాలా అవసరమైన మాట. దానికి ఒకటి కలుపుతా. డెంగీలో, కండరాలు దెబ్బతిన్న కేసుల్లో ఎస్‌జీఓటీ ఎస్‌జీపీటీ కంటే ఎక్కువ ఉంటుంది. తాగుడు వల్ల వచ్చిన కాలేయ జబ్బులో కూడా రెండింతలు ఎక్కువుంటుంది, కానీ అక్కడ ఎస్‌జీఓటీ 300 దాటడం అరుదు. తాగే మనిషికి ఎస్‌జీఓటీ 2000 వస్తే తాగుడు ఒక్కటే అనుకోవద్దు, పారాసెటమాల్, వైరస్, బీపీ పడిపోయి కాలేయానికి రక్తం అందకపోవడం, ఈ మూడూ వెతకాలి. పైన పైత్యనాళం అడ్డు గురించి అన్నదాంట్లో చిన్న సవరణ. రాయి అప్పుడే ఇరుక్కుంటే మొదటి రోజు ఎస్‌జీపీటీయే ముందు లేస్తుంది, 500 దాకా పోవచ్చు. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ కొత్తగా తయారవ్వాలి కాబట్టి ఒకటి రెండు రోజులు ఆలస్యం.

నైట్‌డ్యూటీ_డాక్టర్
సవరణ నిజమే. మొదటి 24 గంటల్లో ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ చూసి రాయి లేదనకూడదు.

ఎంఎల్‌టీ_రెండోఏడు
ఎస్‌జీఓటీ, ఏఎస్‌టీ ఒకటే అని తెలుసు. మరి గుండెకి కూడా ఎస్‌జీఓటీ చేసేవారని పుస్తకంలో ఉంది, ఇప్పుడు ఎవరూ చేయరెందుకు?

తార్నాక_బయోకెమ్
అసలు ఈ పరీక్ష పుట్టిందే గుండెతో. 1954లో లాడ్యూ, రోబ్లెవ్‌స్కీ, కార్మెన్ గుండెపోటు వచ్చినవాళ్ల సీరంలో ఇది పెరగడం చూపించారు. 340 నానోమీటర్ల దగ్గర ఎన్‌ఏడీహెచ్ తరగడాన్ని చూసే పద్ధతి కార్మెన్‌ది, 1955. ఇందాక గ్రాఫ్‌లో చూసింది అదే. కాలేయం, గుండె, కండరం, ఎర్రకణం, ఎక్కడ దెబ్బతగిలినా ఎస్‌జీఓటీ పెరుగుతుంది, అందుకే గుండెకి వదిలేశారు. తర్వాత సీకే-ఎంబీ (సీపీకేలో గుండెలో ఎక్కువుండే రకం) వచ్చింది, ఇప్పుడు ట్రోపోనిన్. ట్రోపోనిన్ ఎంజైము కాదు, కండరంలో ఉండే ప్రోటీన్. దాన్ని వేగంతో కాదు, యాంటీబాడీతో పట్టి పరిమాణం కొలుస్తారు. ఎగ్జామ్‌లో "గుండె ఎంజైములు" కింద ట్రోపోనిన్ రాస్తే మార్కు పోతుంది.

వరంగల్_రియేజెంట్
సీకే-ఎంబీ మాటొచ్చింది కాబట్టి. మొత్తం సీపీకే 92, సీకే-ఎంబీ 118 అని ఒక రిపోర్ట్ ఈడ తిరుగుతున్నది. ముక్క మొత్తం కంటే పెద్దగెట్లయితది?

క్యూవెట్
ఇమ్యునోఇన్‌హిబిషన్ కిట్ అయితే అవుతుంది. ఎంబీలో ఒక ఎం ముక్క, ఒక బీ ముక్క. రియేజెంట్‌లోని యాంటీబాడీ ఎం అన్నిటినీ మూసేస్తుంది. మిగిలిన బీ పనిని కొలిచి రెండుతో గుణిస్తారు. రక్తంలో బీబీ ఉండదన్న నమ్మకం మీద ఈ లెక్క నిలబడింది. కొంతమందిలో, ముఖ్యంగా పెద్దవయసువాళ్లలో, బీబీ ఒక యాంటీబాడీతో అతుక్కుని మాక్రో సీకే అయి తిరుగుతుంది. దానికి గుండెతో సంబంధం లేదు. కానీ దాని బీ మొత్తాన్ని రెండుతో గుణిస్తాం, కాబట్టి ముక్క మొత్తాన్ని దాటుతుంది. మొత్తం సీపీకేలో ఎంబీ 25 శాతం దాటితే గుండెపోటు కంటే ముందు ఇదే అనుమానించాలి. ట్రోపోనిన్ చేస్తే తేలుతుంది. అది వచ్చేలోపు ఛాతీనొప్పి ఉన్న మనిషిని మాత్రం ఇంటికి పంపొద్దు, ఈసీజీ ముందు.

పల్నాడు_ఫిజీషియన్
నాకో సందేహం. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ 6, కాల్షియం 2.1, పొటాషియం 14.8. మనిషి నడిచి వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. ఇదేం రిపోర్ట్?

డల్లాస్_మెడ్‌టెక్
పర్పుల్ ట్యూబ్ (గడ్డకట్టకుండా ఈడీటీఏ వేసినది) రక్తం. కే2 ఈడీటీఏలో ఉన్న పొటాషియం 14.8గా కనిపించింది, ఈడీటీఏ కాల్షియంని పట్టేసింది. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్‌కి జింక్, మెగ్నీషియం లేకపోతే పని జరగదు, ఈడీటీఏ అవి కూడా లాగేసింది. ముందు పర్పుల్‌లోకి తీసి ఎరుపులోకి వంచినా, సిరంజిలో ముందు పర్పుల్ నింపి అదే సూదితో ఎరుపు నింపినా ఇదే. ఎరుపు, పసుపు మూతలు ముందు, పర్పుల్ తర్వాత, గ్రే ఆఖరున. మూతలు తీసి ఒక ట్యూబ్‌లోంచి ఇంకోదానిలోకి పోయడం అసలు చేయకూడదు. ఈ మూడు అంకెలు కలిసి కనిపిస్తే మళ్లీ రక్తం తీయడం తప్ప ఇంకో దారి లేదు.

తార్నాక_బయోకెమ్
కొద్దిగా మాత్రమే కలిస్తే ఇంకా కష్టం. పొటాషియం 6.2, కాల్షియం 7.9, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ 31 అని వస్తుంది, ఎవరికీ అనుమానం రాదు, పొటాషియం తగ్గించే మందులు మొదలుపెడతారు. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ మామూలు కంటే తక్కువ ఉన్న ప్రతిసారీ పొటాషియం, కాల్షియం పక్కపక్కన పెట్టి చూడండి.

నిజంగా తక్కువగా ఉండే సందర్భమూ ఉంది. కుర్రవాళ్లలో ఒక్కసారిగా కాలేయం చెడిపోయి, బిలిరుబిన్ చాలా ఎక్కువుండి, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ తక్కువుంటే విల్సన్ జబ్బు (ఒంట్లో రాగి పేరుకునేది) గురించి ఆలోచించాలి. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్‌ని బిలిరుబిన్‌తో భాగిస్తే 4 కంటే తక్కువ, ఎస్‌జీఓటీని ఎస్‌జీపీటీతో భాగిస్తే 2.2 కంటే ఎక్కువ వస్తే గట్టి అనుమానం. పైన అబ్బాయికి 188ని 11.4తో భాగిస్తే 16 పైన వస్తుంది, కాబట్టి అటు వెళ్లక్కర్లేదు.

పిల్లల_వార్డు
ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ గురించి నాదీ ఒక మనవి. పెద్దల రేంజ్ ప్రింట్ చేసి పిల్లలకి "హెచ్" కొట్టకండి. ఎదిగే పిల్లల ఎముకల్లోంచి వచ్చేది పెద్దల హద్దుకి రెండు మూడు రెట్లు ఉండటం మామూలే. రెండేళ్ల పిల్లకి జలుబు తర్వాత 3000 దాటి వచ్చినా, ఎముకలు, కాలేయం, విటమిన్ డి బాగుంటే మూడు నాలుగు నెలల్లో తనంతట అదే దిగిపోతుంది. తల్లిదండ్రులు ఆ కాగితం పట్టుకుని కేన్సర్ అనుకుని తిరుగుతున్నారు. అనుమానం ఉంటే జీజీటీ చేయండి, ఎముకలో జీజీటీ ఉండదు.

వరంగల్_రియేజెంట్
లైపేజ్ (పాంక్రియాస్ ఎంజైము) ఎవరైనా సెమీ ఆటో మీద చేస్తుంటే ఒక్క మాట. ట్రైగ్లిజరైడ్ వేసిన ఎంబడే లైపేజ్ వేయకుండ్రి. ట్రైగ్లిజరైడ్ రియేజెంట్‌లోనే లైపేజ్ ఉంటది. ఫ్లోసెల్‌ల బొట్టు మిగిలినా 30 ఉండాల్సింది 300 అయితది, కడుపునొప్పితోటి వచ్చినోన్ని పాంక్రియాటైటిస్ అని అడ్మిట్ చేస్తరు. లైపేజ్ పొద్దున్నే ఫస్ట్ వెయ్యి, లేకుంటే వాష్ సొల్యూషన్ రెండుసార్లు, నీళ్లు మూడుసార్లు కొట్టినంకనే వెయ్యి. ఎస్‌జీపీటీ రియేజెంట్‌ల ఎల్‌డీహెచ్ ఉంటదని పైన సార్ చెప్పిండు కదా, ఎస్‌జీపీటీ తర్వాత ఎల్‌డీహెచ్ వేసినా గదే లొల్లి.

క్యూవెట్
పాంక్రియాస్‌కే చేసే అమైలేజ్‌కి కూడా జాగ్రత్త. ఉమ్మిలో అమైలేజ్ సీరంలో కంటే ఎన్నో వందల రెట్లు ఎక్కువ. మూత తీసిన ట్యూబ్ మీద వంగి క్రికెట్ స్కోరు మాట్లాడొద్దు, ఒక్క తుంపర చాలు. ఇంకా సీరం పాలలా ఉంటే, ట్రైగ్లిజరైడ్ 1000 దాటితే, పాంక్రియాటైటిస్ ఉన్నా అమైలేజ్ నార్మల్ రావచ్చు. ఇక్కడ కూడా సలైన్‌తో డైల్యూట్ చేస్తే పైకి లేస్తుంది.

పల్నాడు_ఫిజీషియన్
నాలుగో రోజు వచ్చిన కడుపునొప్పికి అమైలేజ్ మీద ఆధారపడొద్దు, మూడు నుంచి ఐదు రోజుల్లో నార్మల్ అయిపోతుంది. లైపేజ్ వారం, పది రోజులు నిలబడుతుంది.

మా వైపు ఎక్కువగా వచ్చేది ఇంకోటి. పురుగుమందు కేసుల్లో కోలినెస్టరేజ్‌ని (ఆ విషం అణచే ఎంజైము) గ్లూకోజ్ ట్యూబ్‌లోనే పంపేస్తున్నారు. గ్రే మూతలోని ఫ్లోరైడ్ ఆ ఎంజైముని ఆపేస్తుంది, విషం తాగకపోయినా తక్కువే వస్తుంది. ఎరుపు మూతలోనే పంపాలి. రిపోర్ట్ కోసం అట్రోపిన్ (విరుగుడు మందు) ఆపకూడదు, డోసు ఊపిరితిత్తుల్లో గురగుర, చెమట, గుండె వేగం చూసి ఇవ్వాలి, ఈ అంకె చూసి కాదు.

తార్నాక_బయోకెమ్
దానికి తోడు, ఈ కోలినెస్టరేజ్ కాలేయంలో తయారవుతుంది. సిరోసిస్‌లో, గర్భంలో తక్కువుంటుంది. ఆర్యవైశ్యుల్లో పుట్టుకతోనే ఇది దాదాపు లేకుండా చేసే జన్యు మార్పు మిగతావాళ్లకంటే ఎక్కువ కనిపిస్తుంది, ఎల్307పీ అంటారు. వాళ్లకి రోజువారీ ఏ ఇబ్బందీ ఉండదు. ఆపరేషన్ టేబుల్ మీద సక్సినైల్‌కోలిన్ (కండరాలు సడలించే మందు) ఇస్తే మాత్రం కొన్ని నిమిషాల్లో తిరిగి రావాల్సిన ఊపిరి గంటల తరబడి రాదు, వెంటిలేటర్ మీద ఉంచాలి. అలాంటి మనిషి కోలినెస్టరేజ్ అంకె ఒక్కటీ చూసి విషం తాగాడని రాయకండి. ఆపరేషన్‌కి ముందు ఈ పరీక్ష అడిగితే, తక్కువ వచ్చినప్పుడు మత్తు డాక్టర్‌కి నేరుగా ఫోన్ చేసి చెప్పండి, కాగితం ఫైల్‌లో ఉండిపోతే లాభం లేదు.

ఎంఎల్‌టీ_రెండోఏడు
శాంపిళ్లు రేపటికి దాచాలంటే అన్నీ ఫ్రిజ్‌లో పెట్టేయొచ్చా?

డల్లాస్_మెడ్‌టెక్
అన్నీ కాదు. ఎస్‌జీపీటీ 2 నుంచి 8 డిగ్రీల్లో కొన్ని రోజులు బాగుంటుంది, మైనస్ 20లో గడ్డకట్టిస్తే పడిపోతుంది. ఎల్‌డీహెచ్ ఫ్రిజ్‌నే తట్టుకోదు, కాలేయం నుంచి వచ్చే రకం చలికి ముందు పోతుంది, గది ఉష్ణోగ్రతలో ఉంచి అదే రోజు చేయాలి. దేనికైనా సరే, గడ్డమీద సీరాన్ని రాత్రంతా వదలొద్దు. తిప్పి, సీరం వేరే ట్యూబ్‌లోకి తీసి పెట్టండి.

తార్నాక_బయోకెమ్
ఎస్‌జీపీటీ మీదే ఇంకో చిక్కు. ఈ ఎంజైముకి విటమిన్ బీ6 నుంచి వచ్చే పైరిడాక్సల్ ఫాస్ఫేట్ కావాలి. మనం వాడే చౌక కిట్లలో అది ఉండదు, సీరంలో ఉన్నదాంతోనే నడుస్తుంది. డయాలిసిస్ పేషంట్లలో బీ6 తక్కువ, వాళ్ల ఎస్‌జీపీటీ ఎప్పుడూ కింద కనిపిస్తుంది. డయాలిసిస్ మనిషికి 38 వస్తే "నార్మల్" అని వదిలేయకుండా అతని పాత అంకెలతో పోల్చండి. ఎప్పుడూ 12 ఉండేవాడికి 38 అంటే మూడు రెట్లు, హెపటైటిస్ సీ చూడాల్సిందే. ఐసోనియాజిడ్ వాడే టీబీ పేషంట్లలోనూ బీ6 తగ్గుతుంది. వాళ్లలో వాంతులు, కామెర్లు ఉండి మామూలు హద్దుకి మూడు రెట్లు, ఏ బాధా లేకుండా ఐదు రెట్లు దాటితే మందు ఆపమంటారు కాబట్టి, ఆ గీత దగ్గర ఉన్న అంకెల్ని రెండుసార్లు చూసి పంపండి.

పైపెట్_పట్టినోడు
హెపటైటిస్ ఏ ఐజీఎం పాజిటివ్ వచ్చింది, ఐఎన్‌ఆర్ 1.2. అబ్బాయి బాగానే తింటున్నాడట.

మిషన్ ప్రోగ్రామ్‌లో మొదటి అబ్సార్బెన్స్‌కి హద్దు పెట్టే చోటు ఉందని ఇప్పుడే చూశా. ఎంత పెట్టాలి?

డల్లాస్_మెడ్‌టెక్
పెద్ద ఆటో ఎనలైజర్లు ఇది వాటంతట అవే చూసి, జెండా వేసి, డైల్యూట్ చేసి మళ్లీ వేస్తాయి. సెమీ ఆటోలో మనమే పెట్టాలి. మీ రియేజెంట్ 1.18 ఉంది కాబట్టి, శాంపిల్ మొదటి రీడింగ్ 0.8 కంటే తక్కువైతే రిజల్ట్ ప్రింట్ కాకూడదని పెట్టండి. ఉత్త రియేజెంట్ 1.0 కంటే తక్కువైతే ఆ సీసా పారేయండి, కరెంటు పోయి ఫ్రిజ్ వేడెక్కితే ఎన్‌ఏడీహెచ్ దానంతటదే చెడిపోతుంది. ఎక్కువ విలువ ఉన్న కంట్రోల్ కూడా రోజూ ఒకటి వేయండి, నార్మల్ ఒక్కటీ చాలదు.

పైపెట్_పట్టినోడు
పెట్టాను. ఇవాళ ఇంకోటి ఆగింది, మొదటి రీడింగ్ 0.34. 100 + 900 వేస్తే 392 వచ్చింది, కిట్ లీనియారిటీ 400. ఇదే పంపొచ్చా?

క్యూవెట్
వద్దు, అంచు మీద ఉంది. 50 సీరం, 950 సలైన్, 20తో గుణించండి. మొదటి రీడింగ్ కూడా రాయండి.

పైపెట్_పట్టినోడు
204. మొదటి రీడింగ్ 0.8కి పైనే ఉంది. 4080 అని పంపుతున్నా, 50 + 950 అని పక్కన రాసి.